హీరో వయసును ఎవరు మోస్తున్నారు?

(పాలకొల్లులో గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అమ్మలకు, అయ్యలకు నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ సినిమా పరిశోధకుడు అన్నారు. అంత మాట వద్దండి. నేను లెక్కల మాస్టారిని. ఈ సాయంత్రం చేయబోయేది కూడా చిన్న తరగతి లెక్కే, తీసివేత. సినిమా విడుదలైన సంవత్సరంలోంచి హీరో పుట్టిన సంవత్సరం తీసేయాలి. హీరోయిన్ పుట్టిన సంవత్సరం తీసేయాలి. వచ్చిన రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూడాలి.

ఈ ఊళ్లో ఈ లెక్క చేయడానికి కొంచెం గుండె ధైర్యం కావాలి. ఇది దాసరి నారాయణరావు గారి ఊరు, అల్లు రామలింగయ్య గారి ఊరు. అటు పోతే మొగల్తూరు, కృష్ణంరాజు గారిదీ చిరంజీవి గారిదీ. ఇటు పోతే భీమవరం, త్రివిక్రమ్ గారిది. మీలో ఎవరి అభిమాని ఏ వరసలో ఉన్నారో నాకు తెలియదు. అందుకే ముందే చెప్పేస్తున్నాను, నేనూ అభిమానినే. మొదటి ఆటకు చొక్కా చింపుకున్న వాళ్లలో ఒకణ్ణి. (నవ్వులు)

2023 సంక్రాంతితో మొదలుపెడతాను. జనవరి 12న వీరసింహారెడ్డి, 13న వాల్తేరు వీరయ్య వచ్చాయి. కోడిపందేల బరిలోంచి జనం నేరుగా హాలుకు వెళ్లిన పండగ అది. రెండు సినిమాల్లోనూ కథానాయిక శ్రుతి హాసన్ గారే. ఆమెకు అప్పటికి 36. బాలకృష్ణ గారికి 62, చిరంజీవి గారికి 67. ఇదంతా పత్రికల్లో వచ్చింది, నవ్వుకున్నాం, వదిలేశాం. పెద్దగా ఎవరూ పట్టించుకోని లెక్క ఇంకొకటి ఉంది. వీరసింహారెడ్డిలో బాలకృష్ణ గారివి రెండు పాత్రలు, తండ్రీ కొడుకూ. కొడుకు ప్రేయసి శ్రుతి హాసన్. కొడుకు తల్లి హనీ రోజ్. హనీ రోజ్ గారికి అప్పటికి 31. అంటే 62 ఏళ్ల నటుడికి తల్లిగా వేసినావిడ ఆయన వయసులో సగం. కాబోయే కోడలు అత్తగారి కంటే అయిదేళ్లు పెద్ద. (నవ్వులు) నవ్వండి, తప్పులేదు. కానీ నవ్విన తర్వాత ఒకటి గమనించండి. ఆ తెర మీద అందరి వయసులూ జరిగాయి. తల్లి వయసు పైకి జరిగింది, ప్రేయసి వయసు కిందికి జరిగింది. కదలకుండా నిలబడింది ఒక్క హీరో వయసే.

నేను చెప్పదలచుకున్నది అదే. హీరోకు అరవై దాటితే ఆ అరవై ఎక్కడికీ పోదు. అది అతని చుట్టూ ఉన్నవాళ్ల మీద పడుతుంది. ఎవరెవరి మీద ఎంత పడిందో చూడటమే ఈ లెక్క.

అమ్మల మీద ఎంత పడిందో చూడండి. జయసుధ గారు 1958 డిసెంబరులో పుట్టారు. మన జగ్గంపేట రవితేజ గారు 1968 జనవరిలో. 2003లో వచ్చిన అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయిలో ఆవిడ ఆయనకు తల్లి. తొమ్మిదేళ్ల తేడాతో తల్లి! ఆ సినిమాలో తండ్రి ప్రకాష్ రాజ్ గారు. ఆయన పుట్టింది 1965లో. కొడుకు కంటే మూడేళ్లే పెద్ద. పాపం, మన ఊళ్లో అయితే ఇద్దరూ ఒకే బడిలో చదువుకుని ఉండేవారు. ఇంకొంచెం ఇటు రండి, గుంటూరు కారం, 2024 సంక్రాంతి, మన భీమవరం దర్శకుడిదే. మహేష్ బాబు గారికి 48. తల్లి వేసిన రమ్యకృష్ణ గారికి 53. ప్రేయసి శ్రీలీల గారికి 22. తల్లి వైపు తేడా అయిదు, ప్రేయసి వైపు తేడా 26. అదే మహేష్ బాబు గారు 2000లో వంశీ సినిమాలో తనకంటే మూడేళ్లు పెద్దావిడైన నమ్రత గారి పక్కన నటించారు, తర్వాత ఆవిడనే పెళ్లి చేసుకున్నారు. ఎవరికీ కళ్లు పోలేదు.

ఇది ఆడవాళ్ల మీదే పడిందని కూడా అనను. గుమ్మడి వెంకటేశ్వరరావు గారు 1927లో పుట్టారు. ఎన్టీఆర్ కంటే, ఏఎన్నార్ కంటే చిన్న. 1955లో అర్ధాంగి వచ్చేనాటికి ఆయనకు ముప్పై కూడా నిండలేదు. అందులో ఆయన ఏఎన్నార్‌కు తండ్రి, జమీందారు. ఆ తర్వాత జీవితమంతా ఆయన జుట్టు నెరిసే ఉంది. ఎంత గొప్ప నటుడో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ హీరో పక్కన నిలబడటం కోసం ఆయన యవ్వనం పోయింది. తేడా ఎక్కడంటే, మగవాడికి ముసలి వేషం వేస్తే నలభై ఏళ్లు బతుకు దొరికేది. హీరోయిన్‌కు అయితే, ఆమెను పక్కన పెట్టాక దొరికేది వదిన వేషం, అమ్మ వేషం, అవి కూడా కొందరికే.

ఎప్పుడూ ఇలాగే ఉందా అంటే, లేదు. 1951 మల్లీశ్వరిలో ఎన్టీఆర్‌కు 28, భానుమతి గారికి 26. అంజలీదేవి గారు మన పెద్దాపురం ఆవిడ, కాకినాడలో నాటకాలాడి మద్రాసు వెళ్లారు. ఆవిడకూ ఏఎన్నార్‌కూ మూడేళ్లు అటూ ఇటూ. 1949లో మనదేశం సినిమాలో ఎన్టీఆర్‌కు చిన్న పోలీసు వేషం దొరికింది కదా, ఆ సినిమా నిర్మాత, కథానాయిక సి. కృష్ణవేణి గారు, కొవ్వూరు దగ్గర పంగిడి ఆవిడ, 1924లో పుట్టారు. 2025 ఫిబ్రవరిలో నూరేళ్లు నిండి వెళ్లిపోయారు.

ఈ ముగ్గురి పేర్లూ ఊరికే కలిపి చెప్పలేదు. భానుమతి గారికి భరణీ వారి స్టూడియో ఉంది. అంజలీదేవి గారికి అంజలీ పిక్చర్స్ ఉంది, అనార్కలి, సువర్ణసుందరి అక్కడివే. కృష్ణవేణి గారు సొంతంగా నిర్మాత. డబ్బు పెట్టే చెయ్యి, వేషం ఇచ్చే చెయ్యి వాళ్లదే. హీరో తమకంటే ఎంత పెద్ద ఉండాలి, ఎంత చిన్న ఉండాలి అని వాళ్లను అడగకుండా ఎవరూ తేల్చేవారు కాదు. తర్వాత ఏమైంది? నిర్మాణం, పంపిణీ, హాళ్లు అన్నీ హీరోల చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. హీరోయిన్‌కు మిగిలింది డేట్లు ఇవ్వడం. నా అభిప్రాయంలో వయసుల తేడా పెరిగిన చరిత్రకూ, హీరోయిన్ల చేతిలోంచి పెట్టుబడి జారిపోయిన చరిత్రకూ దూరం లేదు.

(వెనుక వరసలోంచి ఒక యువకుడు: మాస్టారూ, నటన కదండీ. రాజు వేషం వేసినవాణ్ణి రాజ్యం చూపించమని అడుగుతామా?)

బాగా అడిగావు నాయనా, నిలబడే ఉండు. ఈ డెల్టాలో పద్యనాటకం చూసి పెరిగిన ఎవరికైనా ఆ మాట రావాల్సిందే. తీర్థంలో రాయబారం నాటకం వేస్తే ఒకటో కృష్ణుడు దిగిపోయి రెండో కృష్ణుడు ఎక్కుతాడు. ఒకాయనకు అరవై, ఒకాయనకు ముప్పై. ఒకాయనకు పొట్ట, ఒకాయనకు లేదు. ఊరు ఇద్దరినీ కృష్ణుడనే అంటుంది, పద్యం పండితే వన్స్ మోర్ అంటుంది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు పెద్ద వయసులో కూడా సత్యభామ వేసి జడ విసిరితే చూసేవాళ్లు నోళ్లు తెరిచేవారు. వయసు, మగా ఆడా, అన్నీ రంగస్థలం మీద చెరిగిపోతాయి. ఎందుకంటే ఆ వెసులుబాటు అందరికీ ఉంది. ముసలాయన కృష్ణుడు కావచ్చు, ముసలాయన సత్యభామా కావచ్చు.

సినిమాలో ఆ వెసులుబాటు ఒక్కడికే. అరవై ఏళ్ల హీరో పాతికేళ్ల కుర్రాడిగా వేయొచ్చు, ఇది నటన. అరవై ఏళ్ల నటి పాతికేళ్ల పిల్లగా వేస్తానంటే? హాలు కూలిపోయేలా నవ్వుతారు. 2019లో ఓ బేబీ వచ్చింది. అందులో డెబ్బై ఏళ్ల బామ్మగా వేసిన లక్ష్మి గారు ఒక ఫొటో స్టూడియోలోకి వెళ్లి సమంత గారిగా బయటికి వస్తారు, అప్పుడు కానీ ఆ పెద్దావిడకు నాగశౌర్య లాంటి కుర్రవాడు మనసు పడే వీలు లేదు. మంచి సినిమా, నేను రెండుసార్లు చూశాను. కానీ చూడండి, ఆడమనిషికి ఆ వయసులో ప్రేమ కావాలంటే కథలో మాయ జరగాలి. హీరోకు మాయ అక్కర్లేదు. రంగు, విగ్గు, ఇప్పుడైతే కంప్యూటర్‌లో ముడతలు చెరిపే కుర్రాళ్లు, అంతే. సరే, కూర్చో నాయనా.

పైగా నాటకంలో మనం దూరంగా కూర్చుంటాం. కెమెరా మొహం మీదికి వస్తుంది. కృష్ణుడి కంటి కింద సంచి నాకు పెట్రోమాక్స్ వెలుతురులో కనిపించేది కాదు. క్లోజప్‌లో కనిపిస్తుంది. అది కనిపించకూడదనే పక్కన మరీ లేత మొహాన్ని పెడతారని కొందరంటారు, నేనైతే ఆ లేత మొహం వల్లే ఇంకా ఎక్కువ కనిపిస్తుందంటాను.

ఇప్పటిదాకా చెప్పింది అభిరుచికి సంబంధించిన సంగతి. నచ్చితే చూస్తాం, లేకపోతే మానేస్తాం. ఇప్పుడు చెప్పేది అది కాదు. దీన్ని దానితో కలపకూడదు.

అడవిరాముడు 1977 ఏప్రిల్ 28న విడుదలైంది. ఎన్టీఆర్‌కు 54 నిండటానికి నెల తక్కువ. జయప్రద గారు మన రాజమండ్రి అమ్మాయి, 1962 ఏప్రిల్ 3న పుట్టారు. విడుదల నాటికి పదిహేను నిండి నెల కూడా కాలేదు. షూటింగు జరిగింది అంతకు ముందు. తర్వాత వేటగాడు, 1979 జులై. ఎన్టీఆర్‌కు 56. శ్రీదేవి గారు 1963 ఆగస్టులో పుట్టారు, పదహారు నిండలేదు. ఏడేళ్ల ముందు, 1972లో బడిపంతులు సినిమాలో ఇదే శ్రీదేవి ఎన్టీఆర్‌కు మనవరాలు. ఈ సంగతి అందరికీ తెలుసు, క్విజ్ పోటీల్లో అడుగుతారు, గొప్ప విశేషంలా చెప్పుకుంటాం. అరవంలో అయితే 1976లోనే, పదమూడేళ్ల వయసులో, మూండ్రు ముడిచ్చులో ఆమె రజనీకాంత్‌కు సవతి తల్లి.

ఈ సంవత్సరాల మధ్యలో దేశంలో ఒక చట్టం మారింది. 1929 నాటి శారదా చట్టంలో ఆడపిల్ల పెళ్లి వయసు 14. తర్వాత 15 అయింది. 1978లో దాన్ని 18 చేశారు, మగపిల్లవాడికి 21. అంటే పదిహేనేళ్ల పిల్లకు పెళ్లి చేయకూడదని పార్లమెంటు నిర్ణయించిన మరుసటి ఏడాది, పదిహేనేళ్ల పిల్ల 56 ఏళ్ల హీరోతో యుగళగీతం పాడుతుంటే మనం రూపాయి బిళ్లలు విసిరాం. అక్కడ నటన అనే సమాధానం సరిపోదు. పాత్ర వయసు ఇరవై అని రాసుకోవచ్చు, కానీ ఆ దుస్తులు వేసుకున్నది పాత్ర కాదు, ఆ పిల్ల. ఎన్టీఆర్ గారిని తిట్టడానికి నేను ఇక్కడికి రాలేదు. నిర్మాత, దర్శకుడు, పంపిణీదారు, పత్రికలు, మేం, ఎవరూ ఆ రోజున తీసివేత చేయలేదు. అది అప్పటి మాట కదా అనుకోకండి. మన ఉప్పాడ తీరంలో కథ జరిగే ఉప్పెన 2021 ఫిబ్రవరిలో వచ్చింది. కృతి శెట్టి గారికి విడుదల నాటికి 17. హీరో కుర్రవాడే కాబట్టి ఎవరికీ తేడా కనిపించలేదు. చూశారా, అందుకే అన్నాను, తేడా ఒక లెక్క, మైనర్ పిల్ల వేరే లెక్క.

మన దగ్గర ఇది ఎందుకు వింతగా తోచలేదో కూడా ఆలోచించాలి. ఇది మేనరికాల దేశం. అక్క కూతుర్ని చేసుకున్న మేనమామలు ఈ సభలోనే కొందరు ఉండొచ్చు, నేను లెక్కపెట్టను. (నవ్వులు) పదేళ్లు, పన్నెండేళ్లు తేడా మన ఇళ్లలో మామూలు. పాటలో హీరోయిన్ మామా అని పిలిస్తే అది మనకు చుట్టరికంగానే వినిపించింది. ఇంకా వెనక్కి వెళితే ఇదే గోదావరి ఒడ్డున వీరేశలింగం పంతులు గారు ముసలి వరుళ్ల మీద ప్రహసనాలు రాశారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించారు. ఆ వితంతువులు ఎక్కడి నుంచి వచ్చారు? పసిపిల్లల్ని పెద్దవాళ్లకు కట్టబెడితే వచ్చారు. వందేళ్ల పాటు ఇంట్లోంచి వెళ్లగొట్టడానికి తంటాలు పడినదాన్ని తెర మీద కూర్చోబెట్టి హారతి ఇచ్చాం.

మన దాసరి గారి సంగతి చెప్పకుండా ఈ ఊరు దాటనివ్వరు కదా. 1976లో ఆయన తూర్పు పడమర తీశారు, బాలచందర్ గారి తమిళ సినిమా ఆధారంగా. అందులో కుర్రవాడు తనకంటే పెద్దావిడను ప్రేమిస్తాడు, ఆ కుర్రవాడి తండ్రిని ఆవిడ కూతురు ఇష్టపడుతుంది. వయసు తేడానే కథ. అది ఎంత చిక్కు తెచ్చిపెడుతుందో, ఎవరిని ఏమని పిలవాలో తెలియక మనుషులు ఎలా నలుగుతారో అందులో ఉంది. అంతటి ఆయనే 1980లో సర్దార్ పాపారాయుడు తీశారు. ఎన్టీఆర్ గారే తండ్రీ, కొడుకూ. తండ్రి పక్కన శారద గారు, కొడుకు పక్కన 17 ఏళ్ల శ్రీదేవి. మరుసటి ఏడాది ప్రేమాభిషేకం, ఏఎన్నార్ పక్కన మళ్లీ శ్రీదేవి. ఆ తర్వాత ఏఎన్నార్ కుమారుడు నాగార్జున గారి పక్కన కూడా ఆమె నటించారు, ఆఖరి పోరాటం, 1988. తెలియక చేశారని అనలేం. తూర్పు పడమర తీసినాయనకు తెలియకపోవడమేమిటి? ఆయనకు తెలిసిన ఇంకో సంగతి మార్కెట్టు.

మార్కెట్టు అంటే ఎక్కడో లేదు, ఇక్కడే ఉంది. తెలుగు సినిమా వ్యాపారంలో నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, కృష్ణా, గుంటూరు, నెల్లూరు ఒక్కో ఏరియా అయితే, మన గోదావరి ఒక్కటే రెండు. ఈస్టు వేరు, వెస్టు వేరు. సినిమా కథ వినకముందే మన బయ్యరు, అంటే ఈ ఏరియాకు సినిమాను కొనుక్కునేవాడు, అడిగేది హీరో ఎవరు అని. ఎందుకంటే హీరోకు ఈ ఏరియాలో ముప్పై ఏళ్ల ఖాతా ఉంది, ఏ పండక్కి ఎంత షేరు, అంటే హాలు ఖర్చులు పోను ఎంత వసూలు వచ్చిందో లెక్క ఉంది. హీరోయిన్‌కు ఖాతా లేదు. ఆమె పేరు మీద ఎవరూ అడ్వాన్సు ఇవ్వరు. కాబట్టి ఆమెను ఎప్పుడైనా మార్చొచ్చు, కొత్తగా తేవొచ్చు. హీరో మొహం పాతబడే కొద్దీ పోస్టరు మీద కొత్తది ఏదో ఒకటి ఉండాలి కదా, ఆ కొత్తదనం హీరోయిన్ దగ్గర నుంచి తీసుకుంటారు. రామ్‌చరణ్ గారూ కాజల్ గారూ ఇద్దరూ 1985లోనే పుట్టారు. 2009లో మగధీరలో జంట. 2017లో ఖైదీ నంబర్ 150లో కాజల్ గారు చిరంజీవి గారికి జంట. ఆయనకు 61, ఆమెకు 31. కొడుకు వయసు అమ్మాయి అని అభిమానులకు తెలుసు, బయ్యరుకూ తెలుసు. షేరు వచ్చింది.

చిరంజీవి గారికి శ్రీదేవి జోడీ ఎందుకు అంత బాగా కుదిరిందో చూడండి. జగదేకవీరుడు అతిలోకసుందరి 1990 మే 9న వచ్చింది, తుపాను వచ్చింది కూడా అదే రోజు, మన వైపు హాళ్ల చుట్టూ నీళ్లు. అయినా జనం వెళ్లారు. ఆయనకు 34, ఆమెకు 26. ఇద్దరూ తమ తమ బలంలో ఉన్నారు. ఆమె ఆయన వయసు దాచడానికి అక్కడ లేదు, ఆమెకు వేరే పని ఉంది.

(ముందు వరసలోంచి ఒక మహిళ: మాస్టారు గారూ, అరవై ఏళ్ల హీరో పక్కన యాభై ఏళ్ల ఆవిడను పెడితే జనం నిజంగా చూస్తారంటారా?)

చూశారమ్మా, చూసేశారు. 2016 సంక్రాంతికి సోగ్గాడే చిన్నినాయనా. నాగార్జున గారికి 56, భార్యగా రమ్యకృష్ణ గారికి 45. ఇంట్లో ఆడవాళ్లంతా కట్టకట్టుకుని వెళ్లారు, ఆ దంపతుల సరసం చూడటానికే వెళ్లారు. అదే సినిమాలో కొడుకు వేషం కూడా ఆయనే వేసి, 25 ఏళ్ల లావణ్య త్రిపాఠి గారిని భార్యను చేసుకున్నారు, అది గుర్తున్నవాళ్లు తక్కువ. 2022లో బంగార్రాజు తీసినప్పుడు కుర్రవాడి వేషం నాగచైతన్య గారికే ఇచ్చారు, మంచి పని. అయితే ఆయనకు 35, జోడీ కృతి శెట్టి గారికి 18. తిరగబడిన తేడాను, అంటే హీరోయిన్ పెద్ద కావడాన్ని కూడా జనం ఒప్పుకున్నారు. 2023లో మిస్ శెట్టి మిస్టర్ పొలిశెట్టి వచ్చింది, అనుష్క గారు నవీన్ గారి కంటే ఎనిమిదేళ్లు పెద్ద, హాల్లో ఒక్కరూ గొణగలేదు.

అన్నింటికన్నా నాకు నచ్చిన లెక్క శ్రీలీల గారిది. 2022 డిసెంబరులో ధమాకా. ఆమెకు 21, రవితేజ గారికి 54, ఇద్దరూ ప్రేమికులు. పది నెలలు తిరక్కుండా, 2023 అక్టోబరులో భగవంత్ కేసరి. బాలకృష్ణ గారికి 63, అదే శ్రీలీల ఆయన పెంచిన కూతురు లాంటి పిల్ల. రెండూ ఆడాయి. రెండోదానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. అంటే హీరో తన వయసు తానే మోసినా మన ఈస్టు బయ్యరుకు గానీ, వెస్టు బయ్యరుకు గానీ నష్టం రాలేదు. అందులో కథానాయిక కాజల్ గారికి 38 అనీ, ఆయనతో తేడా పాతికేళ్లనీ మీలో ఎవరో అనబోతున్నారు. నిజమే. అది కూడా బోర్డు మీద రాసి పెట్టండి.